పడుగు చుట్టేదాకా

పిల్లి ఎదురైతే ఆగి, ఉమ్మేసి, వెనక్కి తిరిగే మనుషులంటే నాకు ఒళ్లు మంట. ఇంత వయసు వచ్చినా ఆ మంట తగ్గలేదు. "పాపం, ఆ పిల్లి ఏ పని మీద బయలుదేరిందో, మీ మొహం చూసి దాని పని చెడి ఉంటుంది" అని ఎదుటే అనేస్తాను. మా ఇంట్లో వాళ్లు నా కొంగు పట్టి వెనక్కి లాగుతారు. లాగనీ. నేను సాలెవాడలో పుట్టినదాన్ని. మాకు పొద్దున లేస్తూనే పిల్లి కనబడితేనే మనసు కుదుటపడేది.

సిద్దిపేటలో మా వాడ ఊరికి తూర్పు కొసన ఉండేది. తిన్నని మట్టి బజారు, దానికి అటూ ఇటూ పెంకుటిళ్లు, ప్రతి ఇంట్లో ఒక గుంట మగ్గం. నూలు తెగకుండా ఉండాలంటే దానికి గంజి పెట్టాలి. గంజి పెట్టిన నూలు అంటే ఎలుకలకు పండుగ భోజనం. ఒక్క రాత్రి ఏమరితే చీరకు చీరే కొరికి పోగు పెట్టేవి. అందుకని మగ్గం ఉన్న ఇంట్లో పిల్లి ఉండాల్సిందే. ఇంట్లో ఏమేం ఉన్నాయని ఎవరైనా అడిగితే మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, "మగ్గం ఉన్నది, నాడె ఉన్నది, కుంచె ఉన్నది, పిల్లి ఉన్నది" అని ఒకే ఊపులో చెప్పేది. మేమంతా ఆ తర్వాతే.

పిల్లులకు మా వాడలో పేర్లు పెట్టేవాళ్లు కాదు. ఏ ఇంటి పిల్లి అంటే ఆ ఇంటి పిల్లి. మాది బూడిద రంగుది, తోక కొస మాత్రం తెలుపు, సున్నంలో ముంచి తీసినట్టు. ఎదురింటి చిన్నమ్మ వాళ్లది పచ్చది, కొట్లాటల్లో ఒక చెవి సగం పోగొట్టుకుంది. ఈ రెంటికీ క్షణం పడేది కాదు. మా వైపు అవ్వ అంటే అమ్మ; మా అవ్వకూ ఎదురింటి చిన్నమ్మకూ మాటలు లేని రోజుల్లో మాత్రం అవి రెండూ ఒకే గోడ మీద కూర్చొని ఎండ కాగేవి. అది ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా బూడిద పిల్లికి అన్నిటికంటే ఇష్టమైన చోటు మగ్గం గుంట. బాపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చొని నేస్తుంటే, ఆయన పాదాల పక్కన ముడుచుకొని పడుకునేది. ఎండాకాలం అక్కడ చల్లగా ఉండేది, చలికాలం వెచ్చగా ఉండేది. నేనూ ఒక్కోసారి ఆ గుంటలోకి దిగి దాని పక్కన కూర్చునేదాన్ని. పైన దారం మోసే నాడె అటూ ఇటూ పోతూ ఉండేది. దారాల సందుల్లోంచి వెలుతురు నా చేతుల మీద సన్నసన్నటి గీతలుగా పడేది. మగ్గం చప్పుడు, పిల్లి గురక, బాపు కాలి వేళ్లు పైకీ కిందికీ. ఎప్పుడు నిద్రపోయేదాన్నో తెలిసేది కాదు. నా చిన్నతనం తలచుకుంటే మొదట గుర్తొచ్చేది ఇల్లు కాదు, ఆ గుంటే.

కుక్కల సంగతి వేరు. అవి ఇళ్లవి కావు, బజారువి. ఒక ఎర్ర కుక్క ఉండేది, బూట్లు తొడుక్కున్న వాళ్లను మాత్రమే మొరిగేది. చెప్పుల వాళ్లను, ఉత్త కాళ్ల వాళ్లను కన్నెత్తి చూసేది కాదు. సర్కారు కచేరి నుంచి ఎవరైనా వస్తున్నారంటే మాకు దాని గొంతే కబురు. ఇంకొక ముసలి కుక్కకు సాగనంపే జబ్బు. దుబ్బాక వైపు ఏ బండి పోయినా వాగు దాకా దాని వెనకే నడిచి, బండి వాగు దాటాక, ఇక నా బాధ్యత తీరిందన్నట్టు తిరిగి వచ్చేది. దానికి దుబ్బాకలో ఎవరున్నారని మా వాడ ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

కానీ నేను చెప్పదలచుకున్నది నల్ల కుక్క సంగతి.

దాని సంగతి చెప్పాలంటే ముందు పడుగు సంగతి చెప్పాలి. బట్టలో నిలువుగా పోయే దారాలను పడుగు అంటారు. వాటిని మగ్గానికి ఎక్కించే ముందు బారుగా సాగదీసి గంజి పెట్టాలి. అంత పొడుగు ఏ ఇంట్లో పడుతుంది? అందుకని తెల్లవారకముందే బజారులో ఈ కొస ఒక గుంజ, ఆ కొస ఒక గుంజ పాతి, మధ్యన పడుగు కట్టేవారు. అది నేలకు తగలకుండా వెదురు కర్రలు కత్తెరలా నిలిపేవారు. జొన్నపిండి గంజి చల్లి, వాడ వాళ్లంతా దానికి అటు కొందరు ఇటు కొందరు నడుస్తూ పెద్ద పెద్ద కుంచెలతో దువ్వేవారు. చలికాలం పొద్దున మంచు దిగి ఉండేది. ఆ మంచులో తెల్లటి పడుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు. మనుషులు నడుము దాకా కనబడి, మళ్లీ మాయమై, కుంచె చప్పుడు మాత్రం వినబడేది.

ఒకసారి పడుగు కట్టాక దాన్ని ఎవరూ దాటకూడదు. పై నుంచి దాటొద్దు, కింద నుంచి దూరొద్దు. ఎదురింటికి పోవాలన్నా గుంజ దాకా నడిచి, చుట్టూ తిరిగి పోవాల్సిందే. పటేలు వచ్చినా అంతే. వాడకు కొత్తగా వచ్చిన ఒక అల్లుడు నడుము వంచి పడుగు కింద నుంచి దూరబోతే మా అవ్వ గంజి కుంచెతో వీపు మీద ఒక్కటి వేసింది.

"ఏందయ్యా అల్లుడా, కుక్కకున్న పాటి తెలివి లేకపాయె నీకు! గటు సూడు, అది ఎట్ల తిరిగిపోతున్నదో!"

వాడంతా పగలబడి నవ్వింది. అల్లుడి వీపు మీద గంజి ఎండి అట్ట కట్టింది. కానీ అవ్వ అన్నది నిజమే. నల్ల కుక్క ఎప్పుడూ పడుగు దాటేది కాదు. మేకను తరమాలన్నా సరే గుంజ చుట్టూ తిరిగే పరుగెత్తేది. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు.

అసలు అది చేసే పనే పడుగు కాపలా. తడి పడుగు ఎండేదాకా మేకలు, దూడలు దాన్ని నాకడానికి వస్తాయి. కాకులు పోగులు పీకుతాయి. మునుపు దానికి పిల్లలను కూర్చోబెట్టేవాళ్లు. పిల్లలు ఆటల్లో పడేవాళ్లు. నల్ల కుక్క వచ్చాక ఆ బాధ తప్పింది. మా ఇంటికి ఎదురు పక్కన, ఎండ పడే వైపు, పడుగు పొడుగునా వెన్ను ఆనించినట్టు పడుకొని, ఒక కన్ను తెరిచి ఉంచేది. పడుగు ఎండి, దాన్ని చుట్టేశాక బాపు కుంచెను గుంజకేసి దులిపేవాడు. మిగిలిన గంజి మా గడప ముందరి పగిలిన రోట్లో పోసి, "ఇగ చాలు, పో" అనేవాడు. అప్పుడు లేచి, ఒళ్లు విరుచుకొని, వచ్చి గంజి తాగేది. దాని కొలువు ఆ రోజుకు తీరినట్టు.

అవ్వకు మాత్రం అదంటే గిట్టేది కాదు. "పొద్దంత పండుకునుడే, గిదొక పనా! ఎంత పోసినా కడుపు నిండదు దీనికి" అని రోజూ తిట్టేది. తిట్టుకుంటూనే రోట్లో గంజి పలచగా ఉంటే ఇంట్లోకి పోయి ఇంత చిక్కటిది తెచ్చి కలిపేది. ఆ కలపడం ఎవరూ చూడొద్దు. చూస్తే చూసినవాళ్లకూ తిట్లే.

ఎలుకలు పడిన సంవత్సరం నాకు బాగా గుర్తు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. ప్లేగు వచ్చే ముందు ఎలుకలు కప్పుల మీది నుంచి, వాసాల సందుల్లోంచి తూలుతూ వచ్చి నడి ఇంట్లో పడి చచ్చేవి. ఎలుక పడిందంటే ఊరు ఖాళీ చేసి చేన్లలో గుడిసెలు వేసుకోవాల్సిందే. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందనీ, అందుకే నూలు దొరకడం లేదనీ పెద్దవాళ్లు అనుకునే రోజులవి. బాపు ఎన్నో గడపలు తొక్కి ఒక్క పడుగుకు సరిపడా నూలు సంపాదించుకొచ్చాడు. దాన్ని ఆ పొద్దున బజారులో కట్టాడు. గంజి పెట్టడం అయిపోతూ ఉంది. బాపమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. అప్పుడు చూరు మీది నుంచి ఒక ఎలుక జారి, పడుగు కిందికి దొర్లి, తిరగబడి, అలాగే ఉండిపోయింది. నల్ల కుక్క లేచి దాన్ని వాసన చూడబోయింది.

"ముట్టకు! ఏయ్, దూరం జరుగు!" అని బాపమ్మ అరిచిన అరుపు నేను ఇంకెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నానికల్లా డప్పు చాటింపు వచ్చింది. పొద్దు గూకే లోపల వాడ ఖాళీ చేయాలి, మళ్లీ చెప్పేదాకా ఎవరూ లోపలికి రావద్దు. ఒకటే హడావుడి. కుండలు, చేటలు, గొంగళ్లు, ఏడ్చే పిల్లలు. పడుగు ఇంకా తడిగా ఉంది. తడి పడుగును చుడితే దారాలు ఒకదానికొకటి అతుక్కొని గడ్డ కడతాయి.

"ఎండనీ. సామానంత గాడ దించినంక మాపటికి వచ్చి చుట్టుకుంట" అన్నాడు బాపు.

మా బూడిద పిల్లి అప్పటికి అటక మీద పిల్లలను పెట్టింది. వాటికి కళ్లు కూడా తెరవలేదు. కళ్లు తెరవని పిల్లల మీద మనిషి చెయ్యి పడితే తల్లి వాటిని వదిలేస్తుందని మా నమ్మకం. అందుకని ఎవరూ ముట్టుకోలేదు. బాపమ్మ వెనక కిటికీ తలుపు ఓరగా తెరిచి ఉంచమంది. నేను ఏడుస్తుంటే నా తల నిమిరి, "పిల్లి ఇల్లును నమ్ముకొని ఉంటది బిడ్డా, అది రాదు. కుక్క మనిషిని నమ్ముకొని ఉంటది, అది మన వెనుకనే వస్తది సూడు" అంది. నేను బండి మీద వెనక్కి తిరిగి కూర్చొని నల్ల కుక్కను పిలిచాను. అది లేచి నిలబడింది. తోక ఆడించింది. మళ్లీ పడుగు పక్కన పడుకుంది. బజారు మలుపు తిరిగేదాకా నాకు కనబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం బాపు పడుగు కోసం వెనక్కి వెళితే వాడ మొదట్లో ముళ్లకంప అడ్డం వేసి ఉందట. జవాను లోపలికి పోనివ్వలేదట. బాపు వచ్చి గుడిసె ముందర కూర్చున్నాడు. అవ్వ నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. మంచుకు తడిసి, ఎండకు ఎండి, నూలు అక్కడే చెడిపోతుందని ఇద్దరికీ తెలుసు.

గుడిసెలు జొన్నదంటుతో, తడకలతో వేశారు. పక్కనే తాటిచెట్ల వనం. అంత మంది ఒకేచోట ఉన్నా ఏదో జాతర లాగా ఉండేది కాదు. అందరూ మెల్లగా మాట్లాడేవాళ్లు. పొద్దున లేస్తే మంచులో మా ఊరు కనబడేది కాదు. ఎండ ఎక్కాక చెట్ల పైన కొన్ని కప్పులు తేలేవి, ఒక్క పొగ కూడా లేకుండా. నాకు ప్రతి కలా ఆ ఊర్లోనే వచ్చేది. కలలో తలుపులన్నీ తెరిచే ఉండేవి, పిల్లులు ఇంటింటికీ పోయి మగ్గాల మీద కూర్చునేవి, ఎవరూ నేయకపోయినా నాడె చప్పుడు వినబడేది. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ చప్పుడు వినబడేది. అది ఎవరి గుండెదో నాకు తెలిసేది కాదు.

నల్ల కుక్క మాత్రం రాలేదు. బూట్ల కుక్క వచ్చింది. సాగనంపే ముసలిది బండ్ల వెంట ఎప్పుడో వచ్చేసింది. వాడ కుక్కలన్నీ గుడిసెల మధ్య చేరి కొట్టుకుంటుంటే నేను వాటి మధ్యలో దాన్ని వెతికేదాన్ని.

ఒక పొద్దున కళ్లు తెరిస్తే బాపమ్మ నోటి మీద వేలు పెట్టుకొని నన్ను కదలొద్దంటోంది. గుడిసె మూలన, గొంగడి మీద, మా బూడిద పిల్లి. నోట్లో ఒక పిల్ల. దాన్ని దించి, నాకి, మమ్మల్ని ఎవరినీ చూడనట్టే మళ్లీ వెళ్లిపోయింది. ఆ మంచులో, అన్ని చేన్లు దాటి, వెనక్కి ఆ ఊర్లోకి. మరునాడు ఇంకొకటి తెచ్చింది. అలా ఒక్కొక్కటే తెచ్చి, చివరిదాన్ని తెచ్చిన రోజు పొద్దు గూకేదాకా లేవకుండా నిద్రపోయింది. బాపమ్మ దాని కాళ్లకు గుచ్చుకున్న ముళ్లు తీస్తూ ఏడ్చింది. "ఓయమ్మా, నేనన్న మాట నా మొహానే కొడితివి కదే" అని నవ్వుతూ ఏడ్చింది.

నాకు సంతోషం వేయాలి కదా. కోపం వచ్చింది. ఇల్లు వదిలి రాదన్న పిల్లి వచ్చింది, మనిషి వెంట వస్తుందన్న కుక్క ఎందుకు రాలేదు? చచ్చిపోయిందేమో అని ఎదురింటి చిన్నమ్మ అంటే ఆమె మీద మట్టి చల్లాను. అవ్వ నన్ను కొట్టింది. కొట్టి, తను పోయి చాటున కూర్చుంది.

ఆ రోజే కల్లు గీసే మామ మాతో మాట్లాడాడు. ఆయన మాకు చుట్టం కాదు. వరుస కలుపుకొని నేను మామ అనేదాన్ని, ఆయన బాపును బావ అనేవాడు. మా గుడిసె ముందర నుంచే రోజూ చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని తాళ్ల వనంలోకి పోయేవాడు. ఆ రోజు కల్లు లొట్టి దించి, బీడీ ముట్టించి, మాటల మధ్య అన్నాడు.

"బావా, తాడిచెట్టు మీదికెల్లి మీ బజారంత కనవడ్తది. మీ పడుగు గట్లనే ఉన్నది. తెల్లగ, గీత గీసినట్టు. దాని పొంటి మీ నల్ల కుక్క పండుకొని ఉన్నది."

బాపు అన్నం ముద్ద నోటి దాకా తెచ్చినవాడు అలాగే ఆగిపోయాడు. ముద్దను కంచంలో వేసేసి, "నేను పడుగు చుట్టలే కదా" అన్నాడు. "దానికి పో అని చెప్పలే కదా. నేనే చెప్పలే."

నాకు అంతా ఒక్కసారిగా తెలిసింది. అది మమ్మల్ని మరిచిపోలేదు. పడుగు ఇంకా బజారులోనే ఉంది, కాబట్టి దాని పని ఇంకా అయిపోలేదు, అంతే.

అప్పటి నుంచి నాకు తాడిచెట్టు మొదలే ఇల్లు. మామ మోకు వేసి ఎక్కుతుంటే తల పైకెత్తి చూస్తూ నిలబడేదాన్ని. ఆయన పై నుంచి గొంతెత్తి మా ఊరి వైపు ఒక కూత వేసేవాడు.

"తల ఎత్తింది బిడ్డా! ఇటే సూస్తున్నది!"

ఆ మాట విని వెళ్లి అన్నం తినేదాన్ని. అక్కడ నిలబడి నేను కూడా చూసేదాన్ని, నాకు కనబడకపోయినా. చూసి చూసి నాకు నిజంగానే కనబడడం మొదలైంది. ఎవరూ లేని బజారు, మంచులో తేలుతున్న తెల్లటి పడుగు, దాని పక్కన చిన్న నల్ల చుక్క. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అది నేను తాడి మీద నుంచి చూసినట్టే ఉంటుంది. నేనెప్పుడూ తాడి ఎక్కలేదు.

బాపు జవాన్ల దగ్గరికి పోయి బతిమాలాడు. కుక్క కోసమా అని వాళ్లు నవ్వారు. అవ్వ కూడా కసిరింది. "సూదులు వేసుకొని, చేన్ల పొంటి పడి, పానాలు కాపాడుకుంటున్నం. ఒక కుక్క కోసం మళ్ల ఆ బజార్లకు పోతవా? నీకేమన్నయితే గీ పిల్లను ఎవరు సాదుతరు?" ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బాపు తల దించుకున్నాడు. నేను ఆమెతో మాట్లాడడం మానేశాను.

ఆ తర్వాత ఒక పొద్దున మామ పై నుంచి కూత వేశాడు. ఇంకొకటి వేశాడు. కింద నేను ఎదురు చూస్తున్నాను. ఆయన ఏమీ చెప్పకుండా దిగడం మొదలుపెట్టాడు. దిగి, మోకు విప్పుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఉన్నది బిడ్డా. గాడనే ఉన్నది. కానీ తల ఎత్తలే."

నేను ఏడవలేదు. పరుగెత్తి వచ్చి గుడిసె ముందర నిలబడ్డాను. నా వెనక వచ్చిన మామే చెప్పాడు. బాపు లేచి నిలబడ్డాడు. ఆయన అవ్వ మొహం వైపు చూశాడు. అవ్వ పొయ్యి దగ్గర ఉంది. పొయ్యి మీది కూరకుండ దించేసి, ఇంకొక కుండ ఎక్కించి, నీళ్లు పోసి, జొన్నపిండి కలపడం మొదలుపెట్టింది. గంజి. చిక్కటిది.

"ఇండ్లల్లకు పోవద్దు. బజార్లనే నిలవడాలె. పని కాంగనే వచ్చుడే" అంది గంజి కలుపుతూ. "మరి పడుగు ఒక్కనితోని ఎట్ల చుట్టస్తది? నేను రావాలె. ఈ పిల్ల కొస పట్టాలె. నడువున్రి."

నేను పోయి ఆమె నడుము కరుచుకున్నాను. "జరుగు, గంజి మీద పడ్తది" అని కసిరింది. ఆమె చెయ్యి మాత్రం నా తల మీదే ఉంది.

ముళ్లకంప దగ్గర ఉన్న జవాను ముసలాయన. బాపు ఉన్న మాట చెప్పాడు. ఆయన గంజి కుండ వైపు చూశాడు, నన్ను చూశాడు. మొహం అటు తిప్పుకొని, "జల్దీ రావాలె" అన్నాడు. అంతే, బాపు కంప జరిపాడు.

ఎండ బాగా వచ్చింది కానీ బజారులో ఇంకా మంచు పలచగా ఉంది. మా అడుగుల చప్పుడు మాకే కొత్తగా వినబడింది. ఎదురింటి చిన్నమ్మ గోడ మీద పచ్చ పిల్లి కూర్చొని ఉంది, బక్కచిక్కి, సగం చెవితో. మమ్మల్ని చూసి అరిచింది. పడుగు అలాగే ఉంది. దగ్గరికి వెళితే తెలుపు పోయి పసుపు రంగు పడింది. బాపు ఒక పోగు వేళ్ల మధ్య పట్టుకొని లాగితే చప్పుడు కూడా లేకుండా తెగింది. కానీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చోట నాకిన గుర్తు లేదు, కొరికిన గుర్తు లేదు.

నల్ల కుక్క అవతలి వైపు, ఎప్పుడూ పడుకునే చోటే పడుకొని ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. మేము గుంజ చుట్టూ తిరిగి దాని దగ్గరికి పోయాము. తల ఎత్తలేదు కానీ తోక నేల మీద ఒకసారి కదిలింది. అవ్వ అక్కడే మట్టిలో కూర్చొని, వెంట తెచ్చిన చెంబు నీళ్లలో చెయ్యి ముంచి దాని నోటికి అద్దింది. నాలుక చాపి నాకింది. ఇంకా నీళ్లు పోస్తే తాగింది. తర్వాత గంజి కుండ దగ్గర పెట్టింది. అది గంజి వైపు చూసి, మొహం తిప్పి పడుగు వైపు చూసింది. ముట్టలేదు.

"తాగు తల్లీ, తాగు. ఇగ తిట్టనే నిన్ను" అని అవ్వ అంటుంటే, బాపు అప్పటికే గుంజ దగ్గరికి పోయి ముడి విప్పుతున్నాడు.

పడుగు చుట్టడమంటే ఊరికే తాడు చుట్టినట్టు కాదు. ఒక కొసన చుట్టుకుంటూ ఉంటే రెండో కొసన బిగువు వదలకుండా పట్టుకొని కొద్దికొద్దిగా ముందుకు నడవాలి. ఆ కొస నాకు ఇచ్చారు. బాపు చుట్టడం మొదలుపెట్టాడు. కర్రలు ఒక్కొక్కటే తీసి వరుసగా గోడకు ఆనించాడు. తెగిన పోగు కనబడితే ఆగి, ఉమ్మితో తడిపి, మెలిపెట్టి అతికాడు. అంచులు సరిచేశాడు. పండక్కి నేసే చీర పడుగును కూడా ఆయన అంత శ్రద్ధగా చుట్టగా నేను చూడలేదు.

అవ్వ వచ్చి పక్కన నిలబడింది. "కుళ్లిన నూలది. కోసి పారేస్తే అయిపోతది. గింత పద్ధతి ఎందుకు?" అంది మెల్లగా.

బాపు చేతులు ఆపలేదు.

"అది సూస్తున్నది కదనే" అన్నాడు.

అవ్వ గోడ వారగా పడి ఉన్న కుంచె తీసుకొని, బాపు ముందర ముందర పడుగును దువ్వుతూ నడిచింది. నేను నా కొస పట్టుకొని నడుస్తూ కుక్క పక్క నుంచి వెళ్లాను. అది తల ఎత్తింది. పడుగు కొస కదులుతున్న వైపే దాని తలా కదిలింది. నా కళ్లకు ఏమీ కనబడలేదు, నీళ్లు. బిగువు మాత్రం వదల్లేదు.

చుట్టడం అయిపోయింది. అవ్వ చేతిలోని కుంచె తీసుకొని బాపు గుంజకేసి దులిపాడు. గంజి మా గడప ముందరి పగిలిన రోట్లో పోశాడు. కుక్క వైపు తిరిగి, "ఇగ చాలు, పో" అన్నాడు.

కుక్క ముందు కాళ్ల మీద లేచింది. వెనక కాళ్లు లేపడానికి కాసేపు పట్టింది. అది ఉన్న చోటి నుంచి మా గడపకు తిన్నగా వస్తే నాలుగడుగులు. మధ్యలో ఏమీ లేదు. వట్టి మట్టి బజారు, దాని మీద కర్రలు పాతిన గుర్తులు. అది ఆ మట్టిని వాసన చూసి, పక్కకు తిరిగి, గుంజ వైపు నడవడం మొదలుపెట్టింది.

"అయ్యో పిచ్చిదానా, ఇట్లనే రా! ఏం లేదు గాడ, ఇట్లనే రా!" అని అవ్వ ఏడుస్తూ ముందుకు పోబోయింది. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రానీయే. దాని తొవ్వన దాన్ని రానీ."

అది మధ్యలో ఒకసారి కూర్చుంది. మళ్లీ లేచింది. బజారు కొస దాకా పోయి, గుంజ చుట్టూ తిరిగి, మా వైపుకు వచ్చింది. అది వచ్చేదాకా మేము ముగ్గురమూ గంజి రోలు దగ్గర నిలబడే ఉన్నాము.